అడుగంటిన కస్టర్డ్

"ఆ టార్ట్ కిందికి వెళ్ళదు. అంతే."

ధీరజ్ వంటింటి గుమ్మానికి అడ్డంగా నిలబడి మళ్ళీ అదే మాట అన్నాడు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే చంద్రికకి ఇంత ఒళ్ళు మండేది కాదు.

"ఎందుకు వెళ్ళదో చెప్పు. కారణముంటే నేనే ఆగిపోతాను."

"చెప్పానుగా. ఎల్లుండి అమ్మ ఫ్లైట్. ఎయిర్‌పోర్టులో జ్వరం చూస్తారు, దగ్గు చూస్తారు. ఈ టైములో ఎవరితోనూ రాకపోకలు వద్దు."

"రాకపోకలేంటి? గుమ్మం దగ్గర పెట్టి, బెల్లు కొట్టి, పైకి వచ్చేస్తాను. లాక్‌డౌన్‌లో అలాగే కదా ఇచ్చిపుచ్చుకున్నాం."

"వద్దన్నాను."

శుక్రవారం సాయంత్రం నుంచి ఇదే వరస. ఆ సాయంత్రం ఆఫీసు కాల్ ముగించుకుని బయటికి వచ్చినవాడు, ఎవరూ ఏమీ అడక్కుండానే, "ఇవాళ్టి నుంచి కింద ఓడిల్ ఇంటికి ఎవరూ వెళ్ళొద్దు" అని తీర్పు చెప్పాడు. చంద్రిక వాదించింది. అప్పట్నుంచి మొగుడూ పెళ్ళాలిద్దరూ ఉప్పందుకో, తలుపు వెయ్యి అన్నంత వరకే మాట్లాడుకుంటున్నారు.

విచిత్రమేమిటంటే హైమావతి ఒక్క మాట అనలేదు. రోజూ మధ్యాహ్నం కాగానే ఓడిల్ ఇంటికి దిగిపోయే మనిషి, కొడుకు వద్దనగానే సరేనని తల ఊపి గదిలోకి వెళ్ళిపోయింది.

ఇప్పుడు కూడా అంతే. వీళ్ళ మాటలు తనకి సంబంధించినవి కానట్టు, పొయ్యి ముందు నిలబడి పాలగిన్నె సర్దుకుంటోంది.

"నువ్వైనా చెప్పమ్మా," అన్నాడు ధీరజ్.

"పంపడం సంగతి తరవాత చూసుకుందువు గాని," అంది ఆవిడ వెనక్కి తిరక్కుండా. "ముందు వండనీ. పోయినాయనకి పెట్టే రోజు. మధ్యలో ఆపకూడదు."

ధీరజ్ కాసేపు చూసి హాల్లోకి వెళ్ళిపోయాడు. రేపట్నుంచి జర్మనీ అంతా మళ్ళీ మూతపడుతుందని టీవీ పొద్దుటినుంచీ చెబుతూనే ఉంది. ఇవాళ ఆదివారం, పైగా సర్వ పునీతుల పండుగ. బోబ్లింగన్ వీధుల్లో చర్చి గంటల చప్పుడు తప్ప మనిషి అలికిడి లేదు.

*

ఈ పండుగే ఈ టార్ట్‌కి కారణం.

కింది వాటాలో ఉండే ఓడిల్ రిక్టర్ పుట్టింది అమెరికాలో, లూసియానా చిత్తడి నేలల్లో. వయసులో ఉండగా ఇక్కడి అమెరికన్ సైన్యం క్యాంటీన్లో పనికి వచ్చి, రిక్టర్‌ని పెళ్ళాడి, ఈ ఊళ్ళోనే ఉండిపోయింది. వాళ్ళ వైపు ఈ రోజున సమాధులకి సున్నం వేసి, ఇంట్లో ఈ టార్ట్ చేస్తారట. కాచిన పాల కస్టర్డ్‌ని తియ్యటి పిండిలో పోసి, పైన పిండి పట్టీలు అల్లి కాల్చేది. వాళ్ళ వైపు ఫ్రెంచిలో టార్ట్ ఆ లా బుయీ. రిక్టర్ పోయినప్పట్నుంచి ఏటా ఈ రోజున చేసి, మొదటి ముక్క ఆయన ఫొటో ముందు పెడుతోంది. ఈ ఏడాది చేతులు వణుకుతున్నాయి. ఊపిరితిత్తులు పాడై, ముక్కుకి గొట్టం, పక్కన ఆక్సిజన్ మెషీన్.

చంద్రిక ఆ సంగతి చెప్పినప్పుడు హైమావతికి అరక్షణంలో అర్థమైపోయింది. "తద్దినమని చెప్పవేం మరి? మనం చేసి పెడదాం."

అన్నట్టే పొద్దున్నే తలంటుకుని, తడి జుట్టు ముడేసుకుని, నూలుచీర కట్టుకుని వంటింట్లోకి వచ్చింది. రాత్రి కలిపి ఫ్రిజ్‌లో పెట్టిన పిండిని పళ్ళెంలో వేళ్ళతో వత్తింది. ఆ పిండి అప్పడాల కర్రకి లొంగదు, మెత్తగా అంటుకుంటుంది. "మన బొబ్బట్ల పిండే నయం, మాట వింటుంది," అని విసుక్కుంటూనే అంచులన్నీ సమంగా తీర్చింది.

"రుచి చూడకూడదు సుమా," అని చంద్రికకి ముందే చెప్పింది. "పెద్దలకి పెట్టేది ఎంగిలి కాకూడదు. నాకు ఆవిరి తగిలితే చాలు, ఏది తగ్గిందో చెప్పేస్తాను."

అది అబద్ధం కాదు. చంద్రిక కాపురానికి వచ్చిన కొత్తల్లో చూసి నోరు వెళ్ళబెట్టింది. పులుసు మీద మూత తీసి, ఒక్కసారి గాలి పీల్చి, "ఉప్పు ఇంకాస్త" అనేది హైమావతి. ఎప్పుడూ తప్పేది కాదు.

"గుడ్లు నేను బాల్కనీలో కొట్టుకొస్తాను అత్తయ్యా," అంది చంద్రిక గిన్నె అందుకుంటూ.

"ఈ చలిలో బాల్కనీ ఎందుకే? ఇక్కడే కొట్టు."

చంద్రిక చెయ్యి ఆగింది.

హైమావతి ఫిబ్రవరిలో వచ్చింది. విమానాలు ఆగిపోయి ఇక్కడే చిక్కుకుపోయింది. ఇన్ని నెలల్లో ఈ వంటింట్లో ఒక్క గుడ్డు పగిలింది లేదు. ఎప్పుడో ధీరజ్ ఆమ్లెట్ వేసుకుంటే, చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని బయటికి పోయి, తిరిగొచ్చాక పెనం చింతపండుతో తోమించింది.

ఇప్పుడు చంద్రిక గుడ్లు కొట్టి సొన తీస్తుంటే, పక్కనే వంగి చూస్తోంది. పైగా గిన్నె తన చేతుల్లోకి తీసుకుని, "నీకు నురగ రావట్లేదు, ఇలా ఇయ్యి" అని తనే గిలకొట్టడం మొదలుపెట్టింది. మొహంలో కాస్తంత అసహ్యం కూడా లేదు.

"నీచు వాసన రావట్లేదూ అత్తయ్యా?"

హైమావతి చెయ్యి ఒక్క క్షణం నెమ్మదించింది. "పోయినాయన పేరు చెప్పుకుని చేసేదానికి నీచేమిటే," అంది.

ఇంగ్లీషు రాని అత్తగారు, తెలుగు రాని ఆ ముసలావిడ. వేసవిలో ఒకరు బాల్కనీలో, ఒకరు కింద పెరట్లో కూర్చుని, ఎవరి భాషలో వాళ్ళు గంటలకొద్దీ మాట్లాడుకునేవాళ్ళు. ఆ స్నేహం కోసం ఇంతకాలపు పట్టుదలని కూడా పక్కన పెట్టేసింది అనుకుంది చంద్రిక.

అలా అనుకోవడం బాగుంది. అందుకే ఇంకేమీ అనుకోలేదు.

పాలు కాగాయి. పంచదార, కార్న్‌ఫ్లోర్ పడ్డాయి. వేడి పాలు కాసిని గుడ్ల సొనలో పోసి, ఆ సొనని తిరిగి గిన్నెలో పోసింది హైమావతి. చెక్క గరిటె తిప్పడం మొదలుపెట్టింది.

"గరిటె ఆపొద్దంది ఓడిల్," గుర్తుచేసింది చంద్రిక. "అడుగున తగలాలట. ఆదమరిస్తే అడుగంటుతుందట."

"పాలు కాయడం నాకు ఆవిడ నేర్పాలీ?"

"చంద్రికా, ఒకసారి ఇలా రా," ధీరజ్ గదిలోంచి పిలిచాడు.

*

గదిలో సూట్‌కేసు తెరిచి ఉంది. చాక్లెట్లు, పసిపిల్లలకి ఊలు టోపీలు, మేజోళ్ళు. విజయవాడలో ధీరజ్ చెల్లెలు వైదేహికి నెలలు నిండాయి. మొదటి కాన్పులో బిడ్డ దక్కలేదు. అప్పుడు పక్కన తల్లి లేదు. ఈసారి ఉంటానని ఫోన్‌లో ఒట్టేసింది హైమావతి. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి వెళ్ళే ప్రత్యేక విమానంలో సీటు ఎన్ని నెలల పోరాటానికో దొరికింది.

"నా మీద కోపం ఉంటే ఉండనీ," అన్నాడు ధీరజ్ తలుపు దగ్గరగా వేసి. "మంగళవారం దాకా ఆగు. అమ్మ ఫ్లైట్ ఎక్కాక నువ్వు ఓడిల్‌కి రోజూ టార్ట్‌లు చేసి పెట్టు."

"ఆవిడ మొగుడి ఫొటో ముందు పెట్టాల్సింది ఇవాళ. మంగళవారం కాదు."

"ఒక్క ఏడాది పెట్టకపోతే ఏమవుతుంది?"

"నువ్వు ఇలా మాట్లాడే మనిషివి కాదు ధీరజ్. ఆవిడకి మందులు తెచ్చిచ్చింది నువ్వే. ఆ మెషీన్ తిరక్కపోతే అర్ధరాత్రి పరుగెత్తింది నువ్వే. ఆవిడకి మన వల్ల ఏదైనా అంటుకుంటే తట్టుకోలేదని నాకు చెప్పిందీ నువ్వే. రెండ్రోజులుగా ఆవిడ పేరెత్తితే నా మొహం చూడట్లేదు."

అతను ఇప్పుడు కూడా చూడలేదు. సూట్‌కేసులో లేని మడతలు సరిచేస్తున్నాడు.

పక్కన అత్తగారి హ్యాండ్‌బ్యాగు ఉంది. పాస్‌పోర్టు సర్దిందో లేదో చూద్దామని చంద్రిక జిప్పు లాగింది. పైనే జ్వరం మాత్రల అట్ట. సగానికి పైగా గుంటలు ఖాళీ.

"ఇవెవరు వేసుకున్నారు?"

"అది... పాతది. తలనొప్పికి."

"నిన్న షాపింగ్‌కి వెళ్ళేముందు ఈ బ్యాగు నేనే ఖాళీ చేశాను. అప్పుడు లేదు."

ధీరజ్ నోరు తెరిచాడు. ఏం చెప్పబోయాడో గాని, ఆలోపే చంద్రిక తల తిప్పింది.

మాడు వాసన.

సన్నగా మొదలైంది కాదు. తలుపు తీసేసరికి హాలంతా కమ్మేసి ఉంది. చంద్రిక వంటింట్లోకి పరుగెత్తింది.

హైమావతి పొయ్యి దగ్గరే నిలబడి ఉంది. కళ్ళు కిటికీ అవతల ఎక్కడో ఉన్నాయి. పెదవులు ఏదో స్తోత్రం చదువుతున్నాయి. చేతిలో గరిటె నెమ్మదిగా పైపైనే తిరుగుతోంది. గిన్నెలోంచి పొగ లేచి సరిగ్గా ఆవిడ మొహానికే కొడుతోంది. పచ్చటి కస్టర్డ్‌లో నల్లటి చెక్కులు పైకి తేలుతున్నాయి.

"అత్తయ్యా, మాడిపోయింది."

హైమావతి ఉలిక్కిపడి చూసింది. "ఏదీ? ఇప్పుడిప్పుడే చిక్కబడుతోంది."

చంద్రిక గిన్నె లాగేసి పొయ్యి ఆపింది. కిటికీ బార్లా తెరిచింది. పొగ బయటికి పోయింది. ఎదురు బిల్డింగులో ఒకాయన తల బయటపెట్టి, మొహం చిట్లించి, దభీమని తన కిటికీ మూసేసుకున్నాడు.

ఎదురింటివాడికి తగిలిన వాసన, గిన్నె మీద వంగి ఉన్న మనిషికి తగల్లేదు.

గుడ్లు. చెంగు అడ్డం పెట్టుకోని ముక్కు. మొన్నటి నుంచి రోజూ ఉప్పెక్కువైన కూరలు, ఎవరూ పట్టించుకోనివి.

చంద్రిక గట్టు మీది వెనీలా సీసా అందుకుంది. పేరు కనపడకుండా గుప్పిట్లో మూసి, మూత తీసి, అత్తగారి ముక్కు దగ్గర పెట్టింది.

"ఇదేం వాసన అత్తయ్యా?"

హైమావతి గాలి పీల్చింది. మళ్ళీ పీల్చింది. కోడలి భుజం మీదుగా గుమ్మంలో నిలబడ్డ కొడుకు వైపు చూసింది.

"ఏలకులు," అంది.



*

చంద్రిక వెనక్కి తిరిగింది. ధీరజ్ మొహంలో ఆశ్చర్యం కోసం వెతికింది. లేదు.

"నీకు తెలుసు."

"చంద్రికా, విను."

"ఎప్పట్నుంచి?"

"శుక్రవారం. కాఫీ వాసన రావట్లేదంది. కాస్త ఒళ్ళు వెచ్చగా ఉంది. అంతే."

"అంతే?"

"అందుకేగా కిందికి వెళ్ళొద్దన్నాను. ఆ ముసలావిడ కోసమే అన్నాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఏం చేసేదానివి? డాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకునేదానివి. టెస్ట్ చేయించేదానివి. పాజిటివ్ అంటారు, ఇంట్లో కూర్చోబెడతారు, ఫ్లైట్ పోతుంది. మళ్ళీ సీటు ఎప్పుడో? అక్కడ వైదేహి..."

"ఆ ఫ్లైట్‌లో వైదేహి లాంటివాళ్ళు ఇంకెంతమంది ఉంటారో తెలుసా? ఇలా వెళ్ళి పురిటి మంచం పక్కన నిలబడుతుందా మీ అమ్మ?"

"మాస్క్ వేసుకుంటుంది. అక్కడ దిగాక కొన్నాళ్ళు విడిగా ఉంటుంది. అన్నీ ఆలోచించాను."

"అన్నీ నువ్వొక్కడివే ఆలోచించావు."

"ఒసేయ్, ఉత్త పడిశమే ఇది," అంది హైమావతి మధ్యలో. గొంతు తగ్గించి, బతిమాలుతున్నట్టు. "చలికి ముక్కు పట్టేసింది. వాసన రాకపోతే మనుషులు పోతారుటే? జ్వరం కూడా దిగిపోయింది."

"దిగిందంటే వచ్చిందనేగా అత్తయ్యా."

హైమావతి చెంగు వేలికి చుట్టుకుంది. "మీ బిల్డింగులో ఒకబ్బాయి వాళ్ళమ్మకి ఈ రోగం వస్తే ఏం చేశారే? అంబులెన్సులో తీసుకెళ్ళారు. భాష రాదు, పక్కన మనిషి లేదు. ఆఖరికి పోయాక కొడుక్కి ఫోన్‌లో చూపించారు. నాకా గతి వద్దు. నన్ను మా అమ్మాయి దగ్గరికి పంపించెయ్యండి."

చంద్రికకి కోపం ఉంది గాని, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

"శుక్రవారం నుంచి వెళ్ళలేదు సరే," అంది. "అంతకుముందు రోజూ వెళ్ళారుగా. పోయిన మంగళవారం ఆవిడ ఈ టార్ట్ ఎలా చెయ్యాలో చూపిస్తానంటే నన్ను కూడా తీసుకెళ్ళి, ఆవిడ పక్కనే మంచం మీద కూర్చున్నారుగా. ఓడిల్‌కి చెప్పాలి. ఇప్పుడే. ఆవిడకి ఒక్క రోజు కూడా లేటు కాకూడదు."

"మంగళవారం చెబుదాం," అన్నాడు ధీరజ్.

"ఏం, ఆవిడ ఊపిరితిత్తులకి కూడా ఫ్లైట్ టికెట్ ఉందా?"

అప్పుడే గట్టు మీద చంద్రిక ఫోన్ మోగింది. ఓడిల్.

ధీరజ్ చెయ్యి ముందుకొచ్చింది. చంద్రిక అంతకంటే ముందే ఎత్తి స్పీకర్ నొక్కింది.

"షేర్," అని తన భాషలో ముద్దుగా పిలిచే ఓడిల్ గొంతు, వెనక మెషీన్ బుస్సుమని లాగి వదులుతున్న చప్పుడు. "ఇంకా మొదలుపెట్టలేదా మీరు?"

"మొదలు... పెట్టాం."

"అలాగా. పొద్దుటినుంచీ వంటింటి కిటికీ తెరుచుకుని, దుప్పటి కప్పుకుని కూర్చున్నాను. నిజం చెప్పనా, నాకు టార్ట్ కంటే అది కాగేటప్పటి వాసన ఇష్టం. మా అమ్మ వంటింట్లో ఉన్నట్టే ఉంటుంది. ఏమీ రావట్లేదు. పాలు పెట్టగానే చెప్పు."

తెరిచిన కిటికీలోంచి ఇంకా పొగ పోతూనే ఉంది. ఓడిల్ కిటికీ సరిగ్గా దాని కిందే.

చంద్రిక గోడకి ఆనుకుంది. "ఓడిల్, ఇవాళ కాఫీ తాగారా?"

"తాగాను."

"ఎలా ఉంది?"

"ఏముంది, నీళ్ళలా ఉంది. కొత్త ప్యాకెట్టు. ఈ మధ్య మంచి కాఫీ ఎక్కడ దొరుకుతోంది?" నవ్వబోయి ఆగింది. "ఎందుకడిగావు?"

ధీరజ్ రెండు చేతులూ జోడించాడు. నోటితో శబ్దం రాకుండా, వద్దు, అన్నాడు. హైమావతి ఫోన్ వైపు చూస్తోంది. ఆవిడకి మాటలు అర్థం కావడం లేదు, కోడలి మొహం అర్థమవుతోంది.

"ఓడిల్, జాగ్రత్తగా వినండి," అంది చంద్రిక. "మా అత్తయ్యకి వాసన పోయింది. జ్వరం వచ్చింది. టెస్ట్ చేయించలేదు గాని, అదే అనుకుంటున్నాను. మీరు ఇప్పుడే మీ డాక్టర్ ఎమర్జెన్సీ నంబర్‌కి ఫోన్ చెయ్యాలి. మీ వల్ల కాకపోతే నేను చేస్తాను."

ధీరజ్ కుర్చీలో కూలబడ్డాడు.

అవతల మెషీన్ లాగింది, వదిలింది. లాగింది, వదిలింది.

"హైమాకి ఎప్పుడు తెలిసింది?" అంది ఓడిల్ చివరికి.

"శుక్రవారం."

"శుక్రవారం," అని తనలో తను అనుకున్నట్టు అంది. "అయితే నిన్న మీరిద్దరూ బజారుకి వెళ్ళినప్పుడు నా దగ్గరికి వచ్చిందే, అప్పటికి తెలుసన్నమాట."

చంద్రిక పెదవి కొరుక్కుంది.

"చాలాసేపు ఉంది. నా చేతులు పట్టుకుని ఏడ్చింది. ఊరికి వెళ్ళిపోతున్నందుకు అనుకున్నాను. నేనే దగ్గరికి తీసుకుని ముద్దు పెట్టుకున్నాను. వెళ్ళేటప్పుడు నా ముక్కు గొట్టం జారితే తనే సరిచేసింది." కాస్త ఆయాసం తీర్చుకుంది. "ఆవిడని అడుగు షేర్. తెలిసే వచ్చిందా?"

"ఏమంటోందే?" అంది హైమావతి.

చంద్రిక చెప్పింది. ఒక్క మాట కూడా తగ్గించలేదు, మెత్తబరచలేదు.

ధీరజ్ తలెత్తాడు. "నిన్న వెళ్ళావా అమ్మా? నా మీద ఒట్టేశావు."

హైమావతి మాడిన గిన్నె వైపు తిరిగింది. గరిటె అందుకుని అడుగు గీకబోయి, మళ్ళీ వదిలేసింది.

"చెప్పడానికే వెళ్ళాను," అంది.

"ఏం చెప్పడానికి?" అన్నాడు ధీరజ్.

"నాకు ఒంట్లో బాగాలేదని. నన్ను దగ్గరికి రానివ్వొద్దని. కడుపులో దాచుకోలేకపోయానురా. మీరు లేకుండా చూసి వెళ్ళి, గుమ్మంలోనే నిలబడి అంతా చెప్పాను." కళ్ళు తుడుచుకుంది. "అంతా విని, తల ఊపి, చేతులు చాపింది. అర్థమయ్యే పిలుస్తోంది అనుకున్నాను. నేనింకే భాషలో చెప్పనే?"

చంద్రిక ఆవిడ మొహంలోకి చూసింది. నమ్మాలని ఉంది. కొడుకు మీద ఒట్టేసి అబద్ధమాడిన నోటితోనే ఈ మాట కూడా చెప్పింది.

"ఏమంది హైమా?" ఫోన్‌లో ఓడిల్ అడిగింది.

ఆ వెంటనే దగ్గు అందుకుంది. చిన్నగా మొదలైంది. ఆగలేదు.